ప్రాణము దక్కినది చాలదా?



రొమ్ము క్యాన్సరుకు శస్త్రచికిత్స పొంది ఇల్లు చేరిన స్త్రీ అద్దము ముందు నిలువ జంకుచున్నదనియో, పెండ్లి పేరంటములకు పోవుట మానుకొన్నదనియో తెలిసినప్పుడు మా కోయిలకుంట్ల ప్రాంతమున చుట్టపక్కాలు పలుకు మాట ఒక్కటే: “పానం దక్కె గదా, ఇంకేం కావల్ల?” ఆ మాటలో దయ లేకపోలేదు, కాని అది ఆమె నోటికి తాళము వేయుచున్నది. రూపభంగమువలన కలుగు మనోవ్యథకు ఉపశమనము కోరుట సోకు కాదనియు, అదియు చికిత్సలో అంతర్భాగమేననియు మనవి చేయుటకే ఈ లేఖ.

వైద్యశాస్త్రము సయితము ఈ సంగతిని ఆలస్యముగనే గ్రహించినది. పందొమ్మిదవ శతాబ్ది చివర అమెరికా శస్త్రవైద్యుడు హాల్‌స్టెడ్, రొమ్మును, దాని క్రింది కండరములను, చంకలోని గ్రంథులను ఒక్కపెట్టున తొలగించు పద్ధతిని ప్రచారమునకు తేగా, దశాబ్దములపాటు లోకమంతయు దానినే అనుసరించినది. కణితి చిన్నదైనచో దానిని మాత్రమే తీసి, తక్కిన రొమ్మునకు రేడియేషన్ ఇచ్చినను ఆయుర్దాయమునకు లోపము లేదని అమెరికాలో ఫిషర్, ఇటలీలో వెరొనేసి అను వైద్యులు నడపిన పరిశోధనల ఇరువదేండ్ల ఫలితములు 2002లో ధ్రువపరచినవి. కావున “రొమ్ము నిలుపుకొన వీలున్నదా?” యని వైద్యుని ముందుగా అడుగుటకు ఏ స్త్రీయు సిగ్గుపడనక్కరలేదు.

తీయక తప్పనివారి మాట వేరు. నేనును ఆ కోతకు లోనైనదాననే. కుట్లు విప్పిన నాడు మందుల చీటీ చేతికిచ్చిరి గాని, రవిక ఎట్లు కుట్టించుకొనవలెనో, భర్త మౌనమును ఎట్లు అర్థము చేసికొనవలెనో చెప్పినవారు లేరు. ఏమి మాటాడిన నొచ్చుకొందునో యని ఆయన వెనుదీయగా, నన్ను చూచి ఏవగించుకొనుచున్నాడని నేను కుమిలితిని. చంక గ్రంథులు తీసిన చేయి వాయవచ్చునని తెలియక, సెనగచేలలో కోతలకు పోవు స్త్రీలు గాయములను లక్ష్యపెట్టక మరింత బాధపడుచున్నారు.

పరిష్కారము దుర్లభము కాదు. తానును రొమ్ము తొలగింపు శస్త్రచికిత్స పొందిన టెరీసీ లాసర్ అను న్యూయార్కు మహిళ, 1952లోనే, కోలుకొన్నవారు కొత్త రోగులను పలుకరించి ధైర్యము చెప్పు ఉద్యమమును ఆరంభించినది. రొమ్ము తొలగింపునకు బీమా ఇచ్చు సంస్థలు పునర్నిర్మాణ శస్త్రచికిత్సకును, కృత్రిమ స్తనమునకును ఖర్చు భరింపవలెనని అమెరికా 1998లో శాసనము చేసినది. మనకును హైదరాబాదులో 2000లో బసవతారకం క్యాన్సరు ఆసుపత్రియు, 2007లో ఉషాలక్ష్మి రొమ్ము క్యాన్సరు ఫౌండేషనును వెలసినవి; 2007లోనే మొదలైన ఆరోగ్యశ్రీ పథకము పేదలకు పెద్ద చికిత్సలను చేరువ చేసినది. ఇక మిగిలినది, కుట్లు విప్పిన పిమ్మట ఆమెకు కావలసిన ఆదరణ.

కావున ప్రభుత్వమునకును వైద్యులకును నా విన్నపము: శస్త్రచికిత్సకు ముందే భార్యాభర్తలను కలిపి కూర్చుండబెట్టి రాబోవు మార్పులను వివరింపుడు, ఇంటికి పంపునప్పుడు చేతి వ్యాయామములు నేర్పి, రవికలో అమర్చుకొనుటకు దూది కూరిన మెత్తని నూలుతిత్తినైనను ఇయ్యుడు, కోలుకొన్న స్త్రీలను ఆశా కార్యకర్తల వెంట రోగుల ఇండ్లకు పంపుడు. బంధువులకు నేను చెప్పునది ఒక్కటే: ప్రాణము దక్కినదని ఆమెకు తెలియును, ఆమె చెప్పుకొనదలచిన తక్కిన మాట వినుడు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
కోయిలకుంట్ల, నంద్యాల జిల్లా.