చావాల్సిన కణం చావకపోతే

పొద్దున్నే వేళ్ల కీళ్లు పట్టేస్తాయి. ఎండలోకి వెళ్లొస్తే బుగ్గలు కందిపోతాయి. ఎంత పడుకున్నా నీరసం తీరదు. "ఇంటి పని, పిల్లల పని... అందరికీ ఉండేదేగా" అని సర్దుకుపోవడం మనకి అలవాటు. కానీ ఇవన్నీ కలిసి వారాల తరబడి వేధిస్తుంటే లూపస్ కావచ్చు. ఈ జబ్బు వచ్చిన పదిమందిలో తొమ్మిదిమంది ఆడవాళ్లే, అదీ ఎక్కువగా పిల్లల్ని కనే వయసులో.

లోపల జరిగేదేమిటంటే, మన ఎముక మజ్జలో రోజూ బి కణాలు పుడుతుంటాయి. రోగక్రిములపై పోరాడే యాంటీబాడీలు చేసేవి వీటి సంతతే. వాటిలో కొన్ని మన శరీరాన్నే శత్రువనుకుంటాయి. చాలావాటిని శరీరం అక్కడే ఏరేస్తుంది. మిగిలినవి బతకాలంటే 'బాఫ్' అనే ప్రోటీన్ అందాలి. అది రేషన్ బియ్యంలాంటిది, కొలతగానే ఉంటుంది. తేడా కణాలు ఆ పోటీలో వెనకబడి, చాలక చచ్చిపోతాయి. కోటా పెరిగిందా, చావాల్సినవీ బతికిపోతాయి. లూపస్ ఉన్న చాలామంది రక్తంలో బాఫ్ ఎక్కువగా కనిపిస్తుంది.

బాఫ్ సంగతి 1999లో బయటపడింది. దాన్ని పట్టి ఆపే బెలిముమాబ్‌కి అమెరికాలో 2011లో అనుమతి వచ్చింది. లూపస్‌కి కొత్త మందు రావడం యాభై ఏళ్ల తర్వాత అదే మొదటిసారి. 2020లో లూపస్ కిడ్నీ జబ్బుకీ అనుమతించారు. ఇది కణాల్ని నేరుగా చంపదు, రేషన్ తగ్గిస్తుంది. అందుకే గుణం తెలియడానికి నెలలు పడుతుంది. రెండు మూడు డోసులకే నిరాశపడి మానేయకండి.

మన అల్ ఐన్ ఎండ ఈ జబ్బుకి ఆజ్యమే. అతినీలలోహిత కిరణాలకి చర్మకణాలు చనిపోతే వాటి లోపలి డి.ఎన్.ఏ. బయటపడుతుంది. దాన్నే శత్రువనుకునే కణాలు ఇంకా రెచ్చిపోతాయి. లూపస్ ఉన్నవాళ్లు జెబెల్ హఫీత్ షికారు పొద్దువాలాకే పెట్టుకోండి. పొడుగు చేతుల బట్టలు, సన్‌స్క్రీన్ తప్పనిసరి. ఎండ తగలనప్పుడు విటమిన్ డి కూడా చూపించుకోవాలి.

పాత మందు హైడ్రాక్సీక్లోరోక్విన్‌ని చులకన చేయకండి. గర్భం వచ్చిందని భయపడి చాలామంది ఆపేస్తారు. సాధారణంగా డాక్టర్లు కొనసాగించమనే చెబుతారు. వేసవి సెలవులకి ఊరెళ్లేటప్పుడు పచ్చళ్లకి ఖాళీ సూట్‌కేసు చూసుకున్నట్టే, తిరిగొచ్చేదాకా సరిపడా మాత్రలూ చూసుకోండి. కంటి పరీక్ష వాయిదా వేయొద్దు.

ఒంట్లో బాగున్నా మూత్రపరీక్ష మానకండి. లూపస్ కిడ్నీని పట్టినా మొదట్లో నొప్పి ఉండదు. ఆ మాట ముందుగా చెప్పేది ఆ చిన్న పరీక్షే.