లొంగని నేల

అమెరికన్ రచయిత్రి లారా ఇంగల్స్ వైల్డర్ పిల్లల కోసం రాసిన ‘లిటిల్ హౌస్’ పుస్తకాల ప్రస్తావన వస్తే చాలు, అందరూ ఒకటే మాట అంటారు: ఎవరి సాయమూ లేకుండా, రెక్కల కష్టంతో బీడు నేలను లొంగదీసిన కుటుంబం కథ అని. అందులోని గడ్డీ చెట్లూ పూలూ ఆ కథకు వెనకాల కట్టిన తెర అని. 1974లో మొదలై తొమ్మిదేళ్లు నడిచిన టీవీ సీరియల్ ఈ అభిప్రాయాన్ని ఇంటింటికీ చేర్చింది. తల్లి రాతప్రతులను దిద్దిన రోజ్ వైల్డర్ లేన్‌కు ప్రభుత్వ సాయమంటేనే గిట్టదు. ఆమె రాజకీయాలూ ఆ అభిప్రాయానికి బలమిచ్చాయి. ఆ పుస్తకాలను అలా చదవడం తప్పు. ఆ పుస్తకాల్లోని మొక్కలే దానికి ఎదురుసాక్ష్యం చెబుతున్నాయి.

ముందు కాన్సాస్ సంగతి. 1869లో ఇంగల్స్ కుటుంబం గుడిసె వేసుకున్నది ఒసేజ్ ఆదివాసుల రిజర్వు భూమిలో. అక్కడ మనుషులే లేరన్న అర్థం వచ్చే మాట ఆ కథ చెప్పే 1935 నాటి పుస్తకంలో ఉండేది. 1953లో దాన్ని దిద్దారు. ఆ మాటను కాదనే సంగతి మాత్రం అదే పుస్తకంలో మొదటినుంచీ ఉంది. మైదానం అంటుకున్నప్పుడు, తమను తరిమేయడానికి ఒసేజ్‌లే నిప్పు పెట్టారని ఇరుగుపొరుగు అనుమానిస్తారు. లారా తండ్రి ఒప్పుకోడు. ఎండుగడ్డి కాలిస్తే పచ్చగడ్డి త్వరగా లేస్తుందని, వాళ్లు ఎప్పుడూ చేసే పనేనని చెబుతాడు. ఎవరి చెయ్యీ పడని బీడని మనకు చెబుతూ వచ్చిన ఆ మైదానం నిజానికి నిప్పుతో సంరక్షించుకున్న మేతభూమి. పిల్లల పుస్తకంలో ఇంత స్పష్టంగా రాసి ఉన్న విషయాన్ని పెద్దలు ఇన్నేళ్లుగా దాటేసి చదవడం నాకు బాధ కలిగిస్తుంది.

అక్కడే ఇంటిల్లిపాదికీ చలిజ్వరం వస్తుంది. వాగు పక్కన పండిన పుచ్చకాయలు తినడం వల్లేనంటుంది పొరుగావిడ. దోమల సంగతి అప్పటికి ఎవరికీ తెలియదు. వాళ్లను బతికించింది ఒసేజ్‌లకు వైద్యం చేసే నల్లజాతి డాక్టరు జార్జ్ టాన్, ఆయన ఇచ్చిన చేదు క్వినైన్. ఆ మందు దక్షిణ అమెరికా కొండల్లో పెరిగే సింకోనా చెట్టు బెరడుది. ఎవరి సాయమూ అక్కర్లేని కుటుంబం ఇందులో ఎక్కడుంది?

మిన్నెసోటాలో ప్లమ్ క్రీక్ ఒడ్డున కోతకొచ్చిన గోధుమ చేను మిడతల దండు పాలైంది. తండ్రి కూలి వెతుక్కుంటూ తూర్పుకు నడిచిపోయాడు. పుస్తకంలో లేనిది ఇంకొకటుంది: 1875లో ఆయన చేతిలో చిల్లిగవ్వ లేదని సంతకం పెట్టి ప్రభుత్వ సాయంగా పిండి తీసుకున్నాడు. కుటుంబ గౌరవం కోసం ఆ సంతకాన్ని రచయిత్రి దాచింది, పోయిన పంటను మాత్రం దాచలేదు.

ఇక ‘తెర’ అన్న మాట. 1879లో అక్క మేరీకి చూపు పోయింది. నాన్న చెప్పగా లారా ఆమెకు కళ్లయింది. చూసిన ప్రతిదాన్నీ మాటల్లో పెట్టాల్సివచ్చింది. చూపులేని మనిషికి గడ్డి రంగు చెప్పాలంటే నిలబడి చూడాలి, సరైన మాట వెతకాలి. వైల్డర్ రచన పుట్టింది ఆ పనిలోనే. తర్వాత 1911 నుంచి ‘మిస్సోరి రూరలిస్ట్’లో సేద్యం గురించీ కోళ్ల గురించీ రాసి రాసి, మొదటి పుస్తకం వచ్చేసరికి అరవై అయిదేళ్ల రైతు ఆమె. డకోటాలో తప్పిపోయిన చిన్న చెల్లెలు గ్రేస్ వయొలెట్ పూలు నిండిన గుంటలో దొరికే ఘట్టం చూడండి. అది ఒకప్పుడు అడవిదున్నలు పొర్లిన గుంట అని తండ్రి వివరిస్తాడు. ఆ దున్నలు ఇప్పుడు లేవు. అంత అందమైన చోట కూడా, ఆ నేల మీద అంతకుముందు ఏముండేదో పిల్లలకు చెప్పకుండా ఆమె ముందుకు కదల్లేదు.

అయినా ఆ పుస్తకాల కథ విజయంతోనే ముగిసింది కదా అనవచ్చు. నిజమే, 1943లో వచ్చిన చివరి పుస్తకం 1885 నాటి పెళ్లి దగ్గర ఆగుతుంది. తర్వాతి నాలుగేళ్ల కథ ఆమె పోయాక 1971లో గాని అచ్చు కాలేదు. అందులో ఉన్నది ఓటమి. పదెకరాల్లో చెట్లు పెంచితే 160 ఎకరాలకు పట్టా ఇస్తామన్నది అప్పటి చట్టం. నాగలి వెంట వాన నడిచొస్తుందని చదువుకున్నవాళ్లే ప్రచారం చేస్తున్న రోజులవి. వైల్డర్ దంపతులు మొక్కలు నాటారు. వాన రాలేదు, వేడిగాలులకు మొక్కలు మాడిపోయాయి. 1891లో చట్టమే రద్దయింది. 1894లో వాళ్లు డకోటా వదిలి, వానలు పడే మిస్సోరి కొండల్లో ఆపిల్ తోట పెంచుకున్నారు. గడ్డిమైదానం పుస్తకాలన్నీ ఆమె రాసింది అక్కడ కూర్చునే.