తరంగాల పాఠానికి చేంతాడు, కోటగోడ చాలు

పురోగామి తరంగం సమీకరణం చెప్పమంటే మా జమ్మలమడుగు పిల్లలు నిద్రలో లేపినా చెబుతారు: వై ఈక్వల్ టు ఏ సైన్ కేఎక్స్ మైనస్ ఒమేగా టీ. ఆ మైనస్ ఎందుకొచ్చింది నాయనా అంటే మాత్రం ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. వాళ్లనేం అనలేం. ఈఏపీసెట్ బిట్‌కు ఆ సంగతి అక్కర్లేదు. ఒమేగాను కేతో భాగిస్తే వేగం వచ్చేస్తుంది, పక్క బిట్‌కు పోవచ్చు.

నేను ఫిజిక్స్ చెబుతాను. ఊరికి పదిహేను కిలోమీటర్లలో గండికోట పెట్టుకుని ఈ పాఠాన్ని నాలుగు గోడల మధ్య చెప్పడం నాకు సుతరామూ నచ్చదు. చలికాలంలో ఒక పూట పిల్లల్ని అక్కడికే తీసుకెళ్తాను. సామాను పెద్దగా ఏమీ లేదు: చేంతాడు, ఎర్రగుడ్డ పీలిక, ఒక ఫోన్.

తాడు ఒక కొస వేపచెట్టుకు కట్టి, నడిమధ్య పీలిక ముడేసి, రెండో కొస పట్టుకుని ఒక్క కుదుపు ఇస్తాం. కుదుపు చెట్టుదాకా పరుగెత్తుతుంది. పీలిక లేచి, మళ్లీ కిందికి దిగుతుంది. "గుడ్డ ఆడనే ఉండాది సార్" అంటాడొకడు. పాఠంలో సగం ఆ మాటే. పోయింది శక్తి, తాడు కాదు. చెట్టు దగ్గర కట్టిన కొస కదల్లేదు కాబట్టి కుదుపు తలకిందులై వెనక్కి వస్తుంది.

ఇక ఆ మైనస్. చెయ్యి ఆపకుండా ఊపుతూ తాడు మొత్తాన్ని ఫొటో తీస్తే కాలం ఆగిపోయినట్టు: టీ కదలదు, ఎక్స్ ఒక్కటే మారుతుంది. పీలిక మీదే గురిపెట్టి స్లో మోషన్ వీడియో తీస్తే ఎక్స్ కదలదు, టీ మారుతుంది. ఒకే సమీకరణాన్ని రెండు రకాలుగా చూడటమే ఇది. ఇప్పుడొక శృంగాన్ని వెంబడించండి. అది శృంగంగానే ఉండాలంటే సైన్ పక్కనున్న బ్రాకెట్ విలువ మారకూడదు. టీ పెరుగుతోంది, కాబట్టి దాన్ని సరిపెట్టడానికి ఎక్స్ కూడా పెరగాలి. అంటే శృంగం ముందుకే జరగాలి. మైనస్ బదులు ప్లస్ పెడితే వెనక్కి నడుస్తుంది. ఇది అర్థమయ్యాక పిల్లల ముఖాలు చూడాలి!

తర్వాత ధ్వని. పెన్న లోయ అంచుకు కాస్త ఇవతలే నిలబడి 'జై బాలయ్య' అంటే అవతలి గట్టు కూడా అంటుంది. సరదాకు బాగుంటుంది గానీ కొలతకు పనికిరాదు. ఆ గట్టు మెట్లుమెట్లుగా విరిగిన రాళ్ల వరస, ఒక్కో రాయి నుంచి ఒక్కో ప్రతిధ్వని వచ్చి కలగాపులగం అవుతుంది. కొలవడానికి కోట ప్రాకారం మేలు. గోడకు 70 మీటర్ల దూరంలో నిలబడి, రెండు చప్పట్ల మధ్య సరిగ్గా నడిమిన ప్రతిధ్వని పడేలా తాళం కుదుర్చుకోవాలి. అలాంటి 20 విరామాలకు 16 సెకన్లు పట్టిందనుకోండి, విరామానికి 0.8, పోయిరావడానికి 0.4 సెకన్లు. 140 మీటర్లను 0.4తో భాగిస్తే సెకనుకు 350 మీటర్లు. పుస్తకంలో ఉన్న 331 సున్నా డిగ్రీల లెక్క. డిగ్రీకి సుమారు 0.6 చొప్పున పెరుగుతుంది. 32 డిగ్రీల మన ఎండకు 350 సరిపోతుంది.

న్యూటన్ కూడా కేంబ్రిడ్జిలో ఒక వసారాలో ప్రతిధ్వనిని లోలకంతో సరిచూసుకున్నవాడే. ఆయన సూత్రం మాత్రం ఇప్పటి లెక్కలో 280 దగ్గర ఆగింది. సంపీడనం చాలా త్వరగా జరగడంతో వేడి బయటికి పోయే వ్యవధి ఉండదని చెప్పి లాప్లాస్ ఆ తేడాను సరిదిద్దాడు.

"సిలబస్ ఎప్పుడు అవుతుంది సార్?" అని యాజమాన్యాలు అడుగుతాయి. ఒక్క పూట పోతుంది, అంతే. అనునాద నాళం ముట్టుకోకుండానే రికార్డులో రీడింగులు దిగిపోయే కాలేజీలు ఎన్ని లేవు? దానికన్నా ఇది నయం కాదా? గండికోట దూరమైతే సిద్ధవటం కోటగోడ ఉంది, అదీ లేకుంటే ఊరి బయట గోదాము గోడ ఉంది. ఇంటర్ బోర్డు ఈ చప్పట్ల ప్రయోగాన్ని ప్రాక్టికల్స్‌లో చేర్చి, దానికి మార్కులు కేటాయించాలి. మార్కులుంటే కాలేజీలు వాటంతటవే బస్సులు కడతాయి.