మారుమనస్సు ఖర్చు ఎవరి మీద?

ప్రొద్దుటూరులోనైనా, జమ్మలమడుగులోనైనా, పులివెందులలోనైనా సువార్త సభ జరిగిందంటే వేదిక మీది నుంచి తప్పక వినిపించే ప్రశ్న ఒకటుంది: రక్షణ పొందావా? ఆ వెంటనే మారుమనస్సు గురించిన బోధ మొదలవుతుంది. తాగుడు మానాలి, బీడీ మానాలి, సినిమాలు మానాలి, తాయెత్తు తెంపెయ్యాలి, జాతరకు పోకూడదు. తాగుడు మానమనడం ఎంతో మేలైన మాట, మగవాడు తాగుడు మానిన ఇంట్లో ఆడవాళ్లను అడిగితే దాని విలువ చెబుతారు. అయితే ఈ పాపాల్లో చాలావాటిని వెతికింది కూలివాడి గుడిసెలోనే. నూటికి నెలకు ఐదు రూపాయల వడ్డీ పిండేవాణ్ణి, మట్కా, క్రికెట్ పందేల మీద మేడ కట్టినవాణ్ణి, ఎదుటి వర్గం రైతు చీనీ తోటను రాత్రికి రాత్రి నరికించినవాణ్ణి అదే వేదిక అదే గట్టి గొంతుతో నిలదీయడం అరుదు. మారుమనస్సుకు ఖర్చుంటుంది. ఇన్నాళ్లూ ఆ ఖర్చు లేనివాళ్ల దగ్గరే వసూలైంది. ఉన్నవాళ్లను అడగనంతకాలం మన ఊళ్లలో జరిగేది సగం బోధేనని నా వాదన.

ఈ వాదనకు ఆధారం ఎక్కడో వెతకనక్కర్లేదు, ప్రతి క్రైస్తవ ఇంట్లోనూ ఉండే గ్రంథంలోనే ఉంది. లూకా సువార్త మూడో అధ్యాయంలో బాప్తిస్మమిచ్చే యోహాను దగ్గరికి జనం వచ్చి, మేం ఏం చెయ్యాలని అడుగుతారు. ఆయన అందరికీ ఒకే జవాబు చెప్పడు. రెండు అంగీలున్నవాణ్ణి ఒకటి లేనివాడికి ఇమ్మంటాడు. పన్నులు వసూలు చేసేవాళ్లను నిర్ణయించినదానికి మించి ఒక్క కాసు కూడా తీసుకోవద్దంటాడు. సిపాయిలను బెదిరించి గుంజుకోవద్దని, అబద్ధపు నేరాలు మోపవద్దని, జీతంతో తృప్తిపడమని చెబుతాడు. ఎవరి చేతిలో ఏ అధికారముందో వాళ్ల పాపం అక్కడే ఉందని చూపించాడు. అదే సువార్త పందొమ్మిదో అధ్యాయంలో యెరికో పట్టణపు జక్కయ్య కథ ఇంకా సూటిగా ఉంటుంది. అతను సుంకరుల పెద్ద, ధనవంతుడు. ఆస్తిలో సగం పేదలకిస్తాననీ, అన్యాయంగా గుంజింది నాలుగింతలు తిరిగి చెల్లిస్తాననీ నిలబడి చెప్పాడు. ఆ మాట విన్న తర్వాతే, ఆ ఇంటికి రక్షణ వచ్చిందని యేసు ప్రకటించాడు. జక్కయ్య ఎంత ఏడ్చాడో లూకా రాయలేదు, ఎంత తిరిగిస్తానన్నాడో మాత్రం లెక్కగా రాశాడు.

ఇప్పుడు మన చరిత్ర చూద్దాం. కడపలో లండన్ మిషన్ పని 1822లో మొదలైంది. 19వ శతాబ్దిలో ఈ ప్రాంతపు పల్లెల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్లలో ఎక్కువమంది మాలలు, ఒంగోలు వైపు మాదిగలు. 1876-78 నాటి ధాత కరువు రాయలసీమను ఊడ్చేసినప్పుడు, ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని చూపించారు. తిండి కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని, కరువు సాయం నడిచినంతకాలం బాప్తిస్మాలు ఆపేశారు. సాయం ముగిశాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆశ చూపి మతం మార్చారనే ఆరోపణ ఈనాటికీ వినిపిస్తుంది. అలాంటివి ఎక్కడా జరగలేదని నేననను, కానీ ఈ ఒక్క సంఘటనకైనా ఆ ముద్ర వేయడం న్యాయం కాదు. నా దృష్టిలో అంతకంటే ముఖ్యమైంది ఆ మాదిగలు చెల్లించిన మూల్యం. చచ్చిన పశువు మాంసం తినకూడదు, ఆదివారం పనికి పోకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు అన్నవి వాళ్లకు పెట్టిన నియమాలు. ఒక్కో నియమానికీ ఊరి పెద్దల కోపం, ఏడాదికోసారి కళ్లంలో దొరికే గింజల మీద దెబ్బ తోడయ్యాయి. తిండి గింజలకు తడుముకునేవాళ్లు తమకున్నది వదులుకుని విశ్వాసాన్ని రుజువు చేసుకున్నారు.

ఆ వసూలు ఇంకా ఆగలేదు. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు మూడో పేరా ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే దక్కింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. బాప్తిస్మం పొందానని కాగితం మీద ఒప్పుకున్న మాల, మాదిగ కుటుంబం ఎస్సీ హోదా పోగొట్టుకుని బీసీ-సిలో చేరుతుంది, ఆ గ్రూపుకు మన రాష్ట్రంలో ఉన్నది 1 శాతం రిజర్వేషన్. 2025లో రాష్ట్ర హైకోర్టు ఒక పాస్టరు కేసులో, క్రైస్తవుడైన వ్యక్తికి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వర్తించదని తీర్పు చెప్పింది. దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని 2023 మార్చిలో శాసనసభ తీర్మానం చేసినా చట్టం మారలేదు. సర్టిఫికెట్‌లో హిందువుగా, ఆదివారం గుడిలో క్రైస్తవుడిగా బతికే దళితుణ్ణి దొంగ విశ్వాసి అని తేలిగ్గా అనేస్తారు, కొందరు బోధకులు కూడా అంటారు. అదే గుడిలో పక్క బెంచీ మీద కూర్చున్న రెడ్డి క్రైస్తవుడికి బాప్తిస్మం వల్ల చట్టంలో పోయేది ఏమీ లేదు. నిజమైన విశ్వాసానికి పరీక్ష పెట్టాలనుకుంటే, మూల్యం చెల్లించని ఆ బెంచీ దగ్గర మొదలుపెట్టాలి.

జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల్లో ఫ్యాక్షన్ ఎన్ని కుటుంబాలను ఊళ్లు విడిపించిందో, ఎన్ని తోటలను బీళ్లు చేసిందో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. ఫ్యాక్షన్‌కు మతం లేదు, అన్ని మతాలవాళ్లూ అందులో ఉన్నారు. కానీ క్రైస్తవుడు అందులో ఉన్నప్పుడు అతని సంఘానికి అడిగే హక్కుంది. బలిపీఠం దగ్గర కానుక పెట్టబోతూ, నీ మీద సోదరుడికి ఫిర్యాదుందని గుర్తొస్తే, ఆ కానుక అక్కడే వదిలి ముందు వెళ్లి సమాధానపడమన్నది కొండమీది ప్రసంగంలోని బోధ. దీన్ని అక్షరాలా పాటిస్తే, నరికిన చెట్లకు డబ్బు కట్టించకుండా ఆ నరికించినవాడి కానుక ఏ పాస్టరూ అందుకోకూడదు. హత్యకేసులో చూసింది చూసినట్టు చెప్పకుండా సాక్షులు అడ్డం తిరిగే జిల్లాలో, అబద్ధ సాక్ష్యం చెప్పకూడదన్న ఆజ్ఞ మీద ఎన్ని ప్రసంగాలు జరగాలి? కులం సంగతీ ఇంతే. ఒకే బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకున్నవాళ్లు పెళ్లి సంబంధం దగ్గరికి వచ్చేసరికి మాల క్రైస్తవులు, మాదిగ క్రైస్తవులు, రెడ్డి క్రైస్తవులుగా విడిపోతున్నారు.

దీనికి బలమైన అభ్యంతరం దేవశాస్త్రం నుంచే వస్తుంది: రక్షణ కృప వల్ల, విశ్వాసం వల్ల కలుగుతుంది, క్రియల వల్ల కాదు, సిలువ మీది దొంగ ఎవరికి ఏం తిరిగిచ్చాడు? నిజమే, అతను ఇవ్వలేదు, ఇవ్వడానికి చేతులూ కాలమూ రెండూ లేవు. జక్కయ్యకు రెండూ ఉన్నాయి, మన వడ్డీ వ్యాపారికీ ఉన్నాయి. ఎఫెసీయులకు రాసిన పత్రికలో పౌలు కృప గురించి చెప్పిన వెంటనే, సత్క్రియలు చెయ్యడానికే మనం సృష్టింపబడ్డామంటాడు. క్రియలు లేని విశ్వాసం మృతమైందని యాకోబు తేల్చేశాడు. విశ్వాసం ఒక్కటే చాలన్న లూథర్ 1517లో మొదట తిరగబడింది కూడా, డబ్బు పుచ్చుకుని పాపశిక్ష మాఫీ చేసే పత్రాల మీదే. మనసు మారకుండా దొరికే క్షమాపణను ఆయన ఒప్పుకోలేదు. తిరిగిచ్చినందుకు రక్షణ దొరకదు. అయితే ఇవ్వగలిగి ఇవ్వనివాడి మనసు మారిందనడానికి రుజువేదీ?

రెండో అభ్యంతరం మరింత న్యాయమైంది. పల్లెలో రేకుల షెడ్డులో ప్రార్థన జరిపే పాస్టరు తానే పేద దళితుడు. ఊరి ఆసామిని కాదని బతకలేడు, వచ్చే కానుకలు ఇంటి ఖర్చుకే చాలవు. అతన్ని ముందుకు తోసి పెద్దవాళ్ల పాపాలు ఎత్తిచూపమనడం అన్యాయం. అందుకే ఈ బాధ్యత భూములు, బడులు, ఆసుపత్రులు ఉన్న సీఎస్ఐ రాయలసీమ డయాసిస్‌ది, 1976లో ఏర్పడిన కడప క్యాథలిక్ మేత్రాసనానిది, వేలమందిని పోగుచేయగల సభల నిర్వాహకులది. క్రిస్మస్ వేదిక మీద నాయకుణ్ణి కూర్చోబెట్టి శాలువా కప్పి ఆశీర్వదించేవాళ్లకు, అదే నాయకుణ్ణి ఒక్క ప్రశ్న అడిగే చోటు కూడా ఉంటుంది. ఉన్నవాళ్లు ఖర్చు భరిస్తే విశ్వాసం ఎలా కనిపిస్తుందో జమ్మలమడుగు ఎప్పుడో చూసింది. 1890 దశకంలో లండన్ మిషన్ వైద్యుడు క్యాంప్‌బెల్ మొదలుపెట్టిన ఆసుపత్రి కులం, మతం అడగకుండా తరతరాల రోగులను చూసింది.

ఈ మూడు ఊళ్ల సంఘ పెద్దలకు, బోధకులకు నా విన్నపం ఒక్కటే. వచ్చే సభలో రక్షణ గురించి తప్పక చెప్పండి. వడ్డీకి రాయించుకున్న ఇంటి పత్రాలు తిరిగిచ్చేయమని, నరికించిన తోటకు నష్టం కట్టమని, కోర్టులో నిజం చెప్పమని, కొడుకు పెళ్లికి కట్నం తీసుకోవద్దని పేరుపేరునా అడగండి. అది విని లేచి వెళ్లిపోయే పెద్దమనుషులుంటే వెళ్లనివ్వండి, వాళ్ల కానుక లేకుండా సంఘాన్ని నడపడం నేర్చుకోండి.