గేటు ఐదింటికి తెరవండి

ప్రకాశం బ్యారేజీ పొడవు 1223.5 మీటర్లు. అటూ ఇటూ నాలుగుసార్లు పరిగెత్తితే దాదాపు 10కె అయిపోతుంది (లెక్క చూసుకోండి, ఇంజినీర్లమే కదా!). అమరావతి రన్నర్స్ లాంటి క్లబ్బుల వాళ్ళు తెల్లారకముందే రోడ్డెక్కుతారు. వాళ్ళలో మా నాన్న వయసు వాళ్ళూ ఉంటారు. ఆదివారం 21.1 కిలోమీటర్ల హాఫ్ మారథాన్ పరిగెత్తి, సోమవారం మామూలుగా ఆఫీసుకెళ్తారు.

మరి ఇరవై ఏళ్ళ మనం? బద్ధకం అంటారు. కొంత నిజమే. కానీ మా లేడీస్ హాస్టల్ గేటు తెరిచేది ఆరున్నరకి! ఏప్రిల్లో, ఈ బెజవాడ ఉక్కలో, ఏడింటికి పరిగెత్తి చూడండి. మూడో కిలోమీటరుకే నాలుక పిడచకట్టుకుపోతుంది.

పారిస్ 2024లో మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీ 100 మీటర్ల హర్డిల్స్ పరిగెత్తింది. ఒలింపిక్స్‌లో ఆ పోటీకి మన దేశం నుంచి వెళ్ళిన మొదటి అమ్మాయి. అందరం స్టేటస్‌లు పెట్టాం. ఆ పెట్టినవాళ్ళే "ఆడపిల్లలకి చీకట్లో పరుగేంటి?" అంటే ఎలా? భయమైతే గుంపుగా పంపండి, రిజిస్టర్‌లో సంతకం పెట్టించుకోండి. మేం అడిగేది గంటన్నర ముందు తాళం తియ్యమని, అంతే. పదిమందిమి ఇప్పటికే పేర్లిచ్చాం.