ముందరి కాళ్ళకు బంధం

తలనొప్పి నివారణ మాత్ర అని పెట్టె మీద అచ్చు వేస్తారు. దానిని తలనొప్పి వచ్చిన తరువాతనే కదా మింగుతాము! ప్రమాదాల నివారణకు అని రోడ్డు ప్రక్క బోర్డు పెడితే మాత్రం, అది ప్రమాదం జరగక మునుపటి మాట. "నివారించు" అనే క్రియ ఒక్కటే వెనుకా ముందూ రెండు కొలువులు చేస్తున్నది. అందుకే కాబోలు కాగితాలలో "ముందస్తు నివారణ చర్యలు" అని వ్రాస్తున్నారు. ఆ "ముందస్తు" అధికమని పండితులు అనవచ్చును. ఇన్నేళ్ళుగా ఆఫీసు చిత్తులు వ్రాస్తున్న మాకు మాత్రం అది అవసరమనే తోస్తున్నది.

ఈ సంగతి ఇప్పుడెందుకంటే, హళ్ళిఖేడ్ (బి) నుంచి ఒక సోదరి మమ్మల్ని ఒక ప్రశ్న అడిగారు. తెలిసినవారి యింట పదహారేళ్ళ పిల్లకు ముహూర్తం పెట్టారట. అర్జీ ఇవ్వాలి. "ఈ పెళ్ళిని అరికట్టండి అనాలా, నివారించండి అనాలా, నిషేధించండి అనాలా? మీరు తెలుగులో చెబితే కన్నడంలోకి మేము మార్చుకుంటాము" అన్నారు. ఆమెకు జవాబు ఆనాడే పంపాము. మాసపత్రిక వచ్చేదాకా ముహూర్తం ఆగదు గదా! తక్కిన పాఠకులకు కూడా పనికివస్తుందని ఇక్కడ వ్రాస్తున్నాము.

నిషేధించడం లోకానికంతటికీ ఒకేసారి చెప్పే మాట. అది చట్టం చేసే పని. తాసీల్దారుగారు ఒక్క ఇంటి కోసం చేసేది కాదు. అరికట్టడం అప్పటికే ప్రవహిస్తున్న దానికి: వదంతులను అరికడతాము, ధరలను అరికడతాము. జరగని దానిని జరగకుండా చేయడానికి మన ఇళ్ళలో ఇంతకంటె మంచి పలుకుబడి ఉన్నది. ముందరి కాళ్ళకు బంధం వేయడం. పశువు పరుగెత్తిన తరువాత వెంటబడడం కాదు, అడుగు వేయకముందే కట్టివేయడం. బీదరు ప్రాంతంలో చిత్రమేమంటే, ఏ భాషలో అడిగినా ఈ కట్టే కనిపిస్తుంది. కన్నడంవారు "తడెగట్టు" అంటారు. నిజాం కాలపు ఉర్దూలో "పేష్‌బందీ" అంటే ముందు కట్టడమే. ఇంగ్లీషువారి "ఫోర్‌స్టాల్" ఒక్కటే వేరు దారి పట్టింది. అది మొదట దారికాచి అడ్డగించడం. తరువాత సంతకు వచ్చే సరుకును దారిలోనే కొనివేయడం. ఆ దేశంలో అది చాలాకాలం నేరం.

మాట ఉన్నంత మాత్రాన పని జరగదు. 1929 నాటి శారదా చట్టం పేరులోనే బాల్యవివాహాల నిరోధం ఉన్నది. ఆడపిల్లకు 14, మగపిల్లవానికి 18 ఏళ్ళు నిండాలన్నది. ఐతే అది పెళ్ళి చేసినవారిని తరువాత శిక్షించేదే కాని పెళ్ళిని ముందు ఆపగలిగేది కాదు. కోర్టు ముందుగా ఇంజంక్షన్ ఇచ్చే అధికారం 1938 సవరణతో గాని రాలేదు. ఈలోగా జనమే చట్టానికి ముందరి కాళ్ళ బంధం వేశారు. 1930 ఏప్రిల్ 1న అమలులోకి వస్తుందని తెలిసి, ఆ ఆరు నెలలలో పసిపిల్లలకు సైతం గబగబా మూడుముళ్ళు వేయించారు. ఆ పైన తెలుగు జిల్లాలవారు కాకినాడ దగ్గరి యానాం పోయేవారు. అది ఫ్రెంచివారి ఏలుబడి. అక్కడ ఈ చట్టం లేదు. పెళ్ళిళ్ళ జోరుకు ఆ ఊరికి కల్యాణపురమని పేరే వచ్చింది. నిజాం రాజ్యంలో ఉన్న మన బీదరుకు కూడా ఆ చట్టం వర్తించలేదు.

ఇప్పుడున్నది 2006 నాటి చట్టం. అమ్మాయికి 18, అబ్బాయికి 21. దీనిలో 13వ సెక్షను చదివితే, క్రియాపదం కోసం మనం పడే తగవు తీరిపోతుంది. పెళ్ళి నిశ్చయమైనదనో, జరగబోతున్నదనో నమ్మకం కుదిరితే ఫస్టు క్లాసు మేజిస్ట్రేటు ఇంజంక్షన్ ఇవ్వాలి. తొందర ఉంటే అవతలివారికి నోటీసు లేకుండానే తాత్కాలికంగా ఇవ్వవచ్చును. సంగతి తెలిసినవారు ఎవరైనా ఫిర్యాదు చేయవచ్చును, బంధువే కానక్కరలేదు. అక్షయ తృతీయ వంటి రోజులలో సామూహికంగా జరిగే పెళ్ళిళ్ళను ఆపే బాధ్యత కలెక్టరు మీద పెట్టి, ఆ పండుగ పేరు కూడా చట్టంలోనే వ్రాశారు. కాబట్టి అర్జీకి పట్టు "నివారించు"లో లేదు, "జరగబోతున్న"లో ఉన్నది. ఏ తేదీన, ఏ వేళకు, ఎక్కడ జరగబోతున్నదో వ్రాయాలి. పిల్ల పుట్టినతేదీకి బడి సర్టిఫికెట్టు నకలు దొరికితే మరీ మంచిది. వ్రాయడానికి వ్యవధి లేకపోతే 1098కి ఫోను చేయవచ్చును.

ఎక్కడ అన్నది ఎందుకు ముఖ్యమో చెప్పాలి. 1956లో బీదరు జిల్లాను పంచినప్పుడు జహీరాబాదు, నారాయణఖేడు అటు ఆంధ్రప్రదేశ్‌కు పోయి, ఇప్పుడు తెలంగాణలో ఉన్నవి. చుట్టరికాలు మాత్రం పంచుకోలేదు. కర్ణాటకంలో 2017 నుంచి బాల్యవివాహం దానంతట అదే చెల్లదు. అటు తెలంగాణలో ఐతే చెల్లదనిపించుకోవడానికి ఆ పిల్లే కోర్టుకు పోవాలి, మేజరైన రెండేళ్ళలోగా. మెడలో తాళి పడిన పిల్లను కోర్టుకు ఎవరు పోనిస్తారు? ముందుగా ఇంజంక్షన్ తెచ్చి ఉంటే, దానిని మీరి చేసిన పెళ్ళి ఎల్ల దాటి చేసినా మొదటినుంచీ చెల్లదు.

ఇంకొక్క మాట. బీదరు జిల్లాలో హళ్ళిఖేడులు రెండున్నవి. (బి) అంటే బుజుర్గు, పెద్దది; (కె) అంటే ఖుర్దు, చిన్నది. అర్జీలో ఆ బ్రాకెట్టు తప్పక వ్రాయమన్నాము. జీపు రెండవ ఊరికి పోయి తిరిగి వచ్చేసరికి తలంబ్రాలు ఐపోతాయి.