నాబోతు ఊరి పెద్దలు

నాబోతు కథ సండే స్కూలు పిల్లలకు కూడా తెలుసు. అహాబు రాజు అతని ద్రాక్షతోటను ఊరికే ఇమ్మనలేదు. అంతకంటే మంచి తోట ఇస్తాను, లేదా వెల కట్టి డబ్బు ఇస్తాను అన్నాడు (1 రాజులు 21:2). ఈ రోజుల భాషలో అది మంచి ప్యాకేజీయే! అయినా నాబోతు తన పితరుల స్వాస్థ్యాన్ని ఇవ్వనన్నాడు. భూమి దేవునిదని ధర్మశాస్త్రం చెబుతుంటే (లేవీ. 25:23) దాన్ని బేరం పెట్టడానికి తానెవరని ఆ రైతు నమ్మకం. అప్పుడు యెజెబెలు రాజు పేరుతో తాకీదులు రాసి, ముద్ర వేసి ఆ ఊరి పెద్దలకు పంపింది. వాళ్లు ఉపవాసం చాటించారు, ఇద్దరు అబద్ధ సాక్షులను నిలబెట్టారు, నాబోతును రాళ్లతో కొట్టించి చంపించారు.

మన ప్రసంగాల్లో అహాబు దురాశ వినిపించినంతగా ఈ పెద్దల సంగతి వినిపించదు. నాబోతు వాళ్లకు పరాయివాడు కాదు, రోజూ చూసే మనిషి. తాకీదు అబద్ధమని వాళ్లకు తెలుసు. కాదనడానికి ఒక్కరికీ నోరు రాలేదు.

మన శ్రీకాకుళం తీరంలో ఇలాంటి తాకీదులు కొత్తవి కావు. సోంపేట బీలలో థర్మల్ విద్యుత్ కేంద్రం పెట్టాలనుకున్నప్పుడు కాగితాల మీద అది పనికిరాని భూమి. అక్కడి రైతుకు, మత్స్యకారుడికి మాత్రం అది వరికి నీరు, వలకు చేపలు, పశువులకు మేత ఇచ్చే చిత్తడి నేల. ప్రజలు పర్యావరణ పరిరక్షణ సంఘంగా ఏర్పడి నెలల తరబడి రిలే నిరాహార దీక్షలు చేశారు. ఢిల్లీలోని జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ దాకా వెళ్లారు. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. అదే రోజు ఆ అథారిటీ పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. ఏలీయా వచ్చేసరికి నాబోతు చనిపోయి ఉన్నాడు, ఇక్కడా అంతే. ఏడాది తిరగకుండానే, 2011 ఫిబ్రవరి 28న, టెక్కలికి దగ్గర్లోని కాకరాపల్లిలో మళ్లీ కాల్పులు జరిగాయి, మళ్లీ ప్రాణాలు పోయాయి. తేలినీలాపురానికి ఏటా వచ్చే పక్షులు మేతకు దిగే తంపర అది.

అధికారులకు లోబడమని రోమా 13లో పౌలు రాశాడు కదా అని విశ్వాసులు అడుగుతారు. రాశాడు. ఆ పౌలునే ఫిలిప్పీలో విచారణ లేకుండా కొట్టి, మర్నాడు రహస్యంగా పంపేయబోతే ఆయన కదల్లేదు. న్యాయాధిపతులే స్వయంగా వచ్చి తమను వెలుపలికి తీసుకుపోవాలన్నాడు (అపొ. 16:37). చట్టం మీ చేతిలో ఉంది, ముందు మీరు దాన్ని పాటించండని అధికారితో అనడం తిరుగుబాటు కాదు. సోంపేట ప్రజలు అడిగిందీ అదే. కరెంటు వద్దని కాదు, ఉద్యోగాలు వద్దనీ కాదు. పని కోసం ఊళ్లు వదిలి వలసపోయే ఉద్దానంలో ఉద్యోగం విలువ ఎవరూ చెప్పనక్కర్లేదు.

నాకు అర్థం కానిది మరొకటుంది. పలాస, వజ్రపుకొత్తూరు, కవిటి, ఎక్కడ ప్రార్థనకు కూడినా కిడ్నీ రోగుల పేర్లు వస్తాయి. ఆ జబ్బుకు కచ్చితమైన కారణాన్ని వైద్యశాస్త్రం ఇంకా తేల్చలేదు. ఉద్దానం జనం ఏళ్ల తరబడి అడగ్గా అడగ్గా 2023 డిసెంబరులో రక్షిత నీటి పథకం, పలాసలో కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. డయాలసిస్ రోగి కోసం మోకరించడం ఆత్మీయత, అతని ఊరి కుళాయి గురించి కలెక్టరును అడగడం రాజకీయం అని మనకెవరు నేర్పారు?

పెద్ద ప్రాజెక్టుకు పర్యావరణ అనుమతి కావాలంటే సాధారణంగా ముందు ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి. దానికి కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలని 2006 నాటి కేంద్ర నోటిఫికేషన్ చెబుతోంది. ప్రాజెక్టు నివేదిక సారాంశం స్థానిక భాషలో ఉండాలి, నివేదిక కలెక్టరు కార్యాలయంలో చూడటానికి దొరకాలి. సంఘంలో చదువుకున్న యువకులు ఇద్దరు వెళ్లి దాన్ని చదివి రావచ్చు. ఆదివారం ప్రకటనల్లో పెళ్లిళ్లు, ఉజ్జీవ కూటాల తేదీలతో పాటు ఆ సభ తేదీ కూడా చదవవచ్చు.